తాగింది ట్రాక్టరే

ముత్యాలకుంటకు పోయి గాసునూనె లింగస్వామి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆ పేరు ఎందుకొచ్చిందని అడిగితే మాత్రం సూటిగా చెప్పరు. ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుతారు. దేవరకొండ నుంచి ఎర్రమట్టి బాట పట్టుకొని పోతే వచ్చే ఊరది. వానలు పడితే ఆముదాలూ కందులూ పండుతాయి, పడకపోతే ముచ్చట్లు పండుతాయి. ముచ్చట్ల పంట ఏ యేడూ ఎండిపోగా ఎవరూ చూడలేదు.

కిరోసిన్‌ను అక్కడ గాసునూనె అంటారు. ఆ నూనెను లింగస్వామి పదేళ్లపాటు పీపాలకు పీపాలు దొర్లించాడు, డబ్బాల్లోకి వంచాడు, ట్రాక్టరు కడుపులో పోశాడు. అందులో ఒక్క చుక్క ఇంటికి తెచ్చుకోలేదు. ఈ సంగతి అతనికీ, అతని భార్య సోమమ్మకూ తెలుసు. వాళ్లు కాక నమ్మినవాడు ఇంకొక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడి మాట ఊళ్లో చెల్లలేదు.

లింగస్వామి తండ్రి పటేలు దగ్గర జీతం ఉండి అక్కడే ముసలివాడై పోయాడు. పటేలంటే ఆ ఊళ్లో అందరికన్నా ఎక్కువ చెలకలు, అంటే ఎర్రనేల మెట్టచేలు, ఉన్న ఆసామి. లింగస్వామి ఆ ఇంటి ఎడ్ల మధ్యనే పెరిగాడు. ఎంత మొండి కోడెనైనా ములుగర్ర ఎత్తకుండా కాడి కిందికి తెచ్చేవాడు. యాభై నాలుగులోనో అయిదులోనో పటేలు హైదరాబాదు పోయి, ఎవరో వాడి వదిలేసిన ట్రాక్టరు ఒకటి కొనుక్కొచ్చాడు. అది వచ్చినరోజు ఊరంతా వాకిట్లోనే ఉంది. నిమ్మకాయలు కట్టారు, టెంకాయ కొట్టారు, ముసలమ్మలు దండం పెట్టారు. ఎవరు తోలాలి అనే మాట వచ్చేసరికి పటేలు వేలు లింగస్వామి మీదికి తిరిగింది.

"ఎడ్లు నీ మాట ఇంటయి గదరా. ఇది గూడ ఎద్దే అనుకో," అన్నాడు.

లింగస్వామి అట్లాగే అనుకున్నాడు. అదే అతను చేసిన మొదటి పొరపాటు. ఎద్దుకు మేత తగ్గిస్తే డొక్కలు కనిపిస్తాయి, చూసినవాళ్లు జాలిపడతారు. ట్రాక్టరు ఎంత మేసినా, ఎంత తక్కువ మేసినా బయటికి ఒక్కతీరుగానే ఉంటుంది. దాని కడుపులోకి పోయిందానికి సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ ట్రాక్టరుకు రెండు టాంకీలు. చిన్నదాంట్లో పెట్రోలు, పెద్దదాంట్లో గాసునూనె. ముందర హాండిల్ పెట్టి తిప్పితే పెట్రోలు మీద లేస్తుంది. ఇంజను బాగా కాగినాక నల్లా తిప్పి గాసునూనె మీదికి మార్చాలి. పొద్దుగూకినాక ఆపే ముందు మళ్లీ పెట్రోలు మీదికి తేవాలి. హైదరాబాదు నుంచి బండితోపాటు వచ్చిన మనిషి కొద్దిరోజులుండి ఇదంతా నేర్పి, కోడికూర తిని వెళ్లిపోయాడు. 'బాగా కాగినాక' అంటే ఎంత సేపని మాత్రం ఆయన చెప్పలేదు, లింగస్వామికి అడగాలని తోచలేదు. పక్కనే నిలబడి చూస్తున్న పటేలు మాత్రం ఆ లెక్క తనే తేల్చేశాడు.

"పెట్రోలంటే నార్కట్‌పల్లి రోడ్డు మీద బంకుకు పోయి తెచ్చుకోవాలె. లేవంగనే నల్లా తిప్పు. పెట్రోలు మీద ఉత్తగ ఉరికించినవంటే ఊకోను."

లింగస్వామి పటేలు మాట జవదాటే మనిషి కాదు. ఇంజను దగ్గు మానీ మానకముందే నల్లా తిప్పేవాడు. అది నల్లటి పొగ కక్కుతూ, తడబడుతూ నడిచేది. తొందరగా కాగాలని ముందరి జాలికి గోనెసంచి కట్టేవాడు. చెలక చివర మలుపు తిరిగేటప్పుడు సైతం ఇంజను గొంతు తగ్గించి పొదుపు చేసేవాడు. ఇంత చేసినా అది తాగేది. పొద్దున పోసిన డబ్బా అంబలి తాగే అంబటిపొద్దుకల్లా అడుగంటేది. రాళ్ల నేలలో నాగలి పట్టుకున్నచోట ఇంకా తాగేది. మృగశిర వానకు దుక్కులు మొదలైతే, పీపాలు తెచ్చే బండి దేవరకొండ బాటన ఒకటే తిరుగుడు.

పటేలు చెడ్డవాడని అనలేం. లెక్క తెలిసినవాడు. లెక్క తెలిసి యంత్రం తెలియనివాడి కింద పనిచేయడం కన్నా చెడ్డవాడి కింద పనిచేయడమే నయం. చెడ్డవాడు తిట్టి ఊరుకుంటాడు. పటేలు తిట్టేవాడు కాదు, డబ్బా వంక చూసి, లింగస్వామి వంక చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయేవాడు.

ఊరు ఊరుకోలేదు. ప్రతి ఇంట్లో దీపం గాసునూనెతోనే వెలగాలి. జానమ్మ దుకాణంలో అది ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. లేనిరోజు చిన్న సీసాలు కొంగుల్లో దాచుకొని ఆడవాళ్లు లింగస్వామి గుడిసె ముందుకొచ్చేవాళ్లు. "జర ఇంత పొయ్యే సోమమ్మా, పిల్లలు చీకట్ల తింటున్నరు," అని బతిమాలేవాళ్లు. సోమమ్మ లేదనేది. నిజంగానే లేదు. వాళ్లు పది అడుగులు పోయి, మనకియ్యదు, మంచి ధర ఇచ్చేటోళ్లకిస్తది, అనుకునేవాళ్లు. సోమమ్మ చెవులు మంచివి, అంతా వినపడేది.

పెళ్లినాడు సోమమ్మకు తల్లి ఒక కందీలు పెట్టింది. గాజుచిమ్నీ మీద పువ్వు గీతలున్న మంచి కందీలు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం దుకాణంలో కొన్న నూనె పోసి దాన్ని ముట్టించి గుమ్మంలో పెట్టింది. బాటన పోతున్న పొరుగింటి లచ్చయ్య ఆగి, "ఏం లింగన్నా, ఇల్లు బగ్గ వెలుగుతాంది. పటేలు సల్లగుండాలె," అని నవ్వి పోయాడు. సోమమ్మ అప్పుడే కందీలు ఆర్పింది. చిమ్నీ తుడిచి, పాతగుడ్డ చుట్టి, అటుక మీద పెట్టింది. మర్నాటి నుంచి ఇంట్లో ఆముదపు దీపం. ఇంటి వాటాకు వచ్చిన ఆముదాలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనె కడవలో పోసి పెట్టుకునేది. గూట్లో ప్రమిద, దాంట్లో ఒత్తి. ఆ వెలుగుకు అన్నంలో రాయి కనిపించేది కాదు, పళ్లకే తెలిసేది. ఊరంతా గాసునూనె దీపాలు పెట్టుకున్న కాలంలో గాసునూనె పీపాల మీద కూర్చునేవాడి ఇల్లు మసక చీకట్లో ఉండేది. దీన్ని చూసైనా ఊరు నమ్మాలి గదా. నమ్మలేదు. ఎంత గడుసుది చూడు, అనుకుంది.

అట్లా ఏళ్లు గడిచాయి. లింగస్వామి ముప్పయి దాటాడు, చెవుల్లో ఇంజను మోత నిలిచిపోయింది, పిలిస్తే ఒక్కసారికి పలికేవాడు కాదు. ట్రాక్టరు కూడా ముసలిదైంది. మునుపటికన్నా ఎక్కువ తాగేది, తక్కువ లాగేది. ఒక వింత మాత్రం అతనికి అర్థమయ్యేది కాదు. ఇంజను కిందిభాగంలో పోసే చిక్కటి నూనె రోజులు గడిస్తే తగ్గాలి. ఇందులో తగ్గేది కాదు, పెరిగేది. పుల్ల ముంచి చూస్తే గీత దాటి పైకి వచ్చేది. మొదట్లో సంతోషపడ్డాడు. ఈ ఒక్క నూనెకైనా తన మీద నింద రాదనుకున్నాడు.

అరవై నాలుగు ఎండాకాలంలో పటేలు కొత్త ట్రాక్టరు తెచ్చాడు. అది డీజిలుది. పెట్రోలు అక్కరలేదు, నల్లా తిప్పే పని లేదు. దానితోపాటే డ్రైవరు అబ్దుల్ ఖాదర్ వచ్చాడు. నందికొండ దగ్గర డ్యాము పనిలో పెద్ద పెద్ద మిషన్లు తోలి వచ్చినవాడు. తక్కువ మాట్లాడేవాడు, బీడీ ఎక్కువ తాగేవాడు. లింగస్వామిని మొదటిరోజే 'లింగన్నా' అన్నాడు. పాతదాన్ని కూడా ఉంచుతానని, రెండూ నడుస్తాయని పటేలు అనడంతో లింగస్వామి మనసు కుదుటపడింది. కొత్తది వచ్చిందన్న ఈర్ష్య లేదు. నిజానికి దానికి కూడా పసుపు బొట్టు తనే పెట్టాడు.

మోదుగు చెలక అని పటేలుకు ఒక పెద్ద చెలక ఉంది. ప్రతి యేడూ ముందు దున్నేది అదే. పాత ట్రాక్టరు దానికి నాలుగు డబ్బాల గాసునూనె తాగేదని ఊళ్లో అందరికీ నోటికి వచ్చు. ఆ యేడు ఖాదర్ డీజిలు బండితో దున్నాడు. రెండో డబ్బా పూర్తి కాకముందే చెలక పూర్తయింది. దుక్కి కూడా లోతుగా వచ్చింది. మట్టి పెళ్లలు ఎర్రగా తిరగబడి ఉంటే పటేలు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. అందరూ కొత్తబండిని మెచ్చుకుంటున్నాడనుకున్నారు. ఆయన లెక్క వేస్తున్నాడు.

మర్నాడు పొద్దున వాకిట్లోకి పిలిపించాడు. జీతగాళ్లు, కూలికి వచ్చినవాళ్లు, లచ్చయ్య, అందరూ అక్కడే ఉన్నారు.

"లింగా, మోదుగు చెలకకు ఎన్ని డబ్బలు పట్టేదిరా?"

"నాలుగు, పటేలా."

"నిన్న ఎన్ని పట్టినయి?"

నిన్న పటేలు గట్టు మీద నిలబడి చూసింది లింగస్వామికి గుర్తొచ్చింది. అప్పటికి అతనికి అర్థమైంది.

"రెండు గూడ పట్టలే. నేల అదే. నాగలి అదే. మరి కడమ రెండు డబ్బలు పదేండ్ల సంది ఎవలు తాగిండ్రు?"

"ఇమానంగ చెప్తున్న పటేలా. తాగింది ట్రాక్టరే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి వాకిలంతా నిండింది. ఆ రోజు నుంచి ఆ మాట ఊరికి ఆట అయింది. కల్లు మండువాలో కుండ ఖాళీ అయితే, తాగింది ట్రాక్టరే, అనేవాళ్లు. ఇంట్లో పాలు తగ్గితే, తాగింది ట్రాక్టరే. ఇప్పటికీ అంటారు. అన్నవాళ్లలో సగం మందికి అది ఒక మనిషి ప్రాణం మీదికొచ్చి చెప్పిన మాట అని తెలియదు.

పటేలు గొంతు పెంచలేదు. "నేనేం నిన్ను కొడతలేను, తిడతలేను. నీ నాయిన ఈ ఇంట్ల పనిచేసిండు. తీసుకున్న అని ఒక్కమాట ఒప్పుకో. కడుపుల పెట్టుకుంట, పనిల ఉంచుకుంట. ఒప్పుకోకపోతే మాత్రం నా వాకిట్ల అడుగుపెట్టకు," అన్నాడు. నూనె పీపాల కొట్టు తాళంచెవి అడిగి తీసుకున్నాడు. అది పదేళ్లుగా లింగస్వామి మొలతాడుకు ఉండేది. విప్పుతుంటే బిగిసిన ముడి రాలేదు, ఖాదరే వచ్చి విప్పాడు.

ఇంటికొచ్చి చెప్పితే సోమమ్మ చేతిలో పని ఆపింది. "తియ్యనిదాన్ని తీసిన అని ఎట్లంటవు?" అంది. "అంటే పని ఉంటది. అనకుంటే ఏం తింటం?" అన్నాడు లింగస్వామి. "గట్ల అన్నంక తిన్నది లోపలికి పోతదా?" అంది ఆమె. ఇద్దరూ ఆ మాట మీదే ఆగారు. ఒప్పుకోకూడదని తేల్చుకోవడానికి వాళ్లకు ఎక్కువసేపు పట్టలేదు. దాని తర్వాత ఏమిటన్నదే ఇద్దరికీ తోచలేదు.

దారి చూపింది ఖాదరే. పటేలు దగ్గర నిలబడి, తల గోక్కుంటూ అన్నాడు. "పటేల్ సాబ్, దాని ఇంజన్ వేరే, దీని ఇంజన్ వేరే. పెట్రోలుది, గాసునూనెది తాగుడు ఎక్కువనే ఉంటది. డీజిలుకు గంత అక్కర్లేదు. నా మాట ఎందుకు, మీ కండ్ల ముందటనే రెండిట్ల చెరొక డబ్బ పోయిన్రి. పక్కపక్క చెలకల్ల దున్నుతం. ఎవల డబ్బ ఏడ అయిపోతదో అందరు చూస్తరు."

పటేలు సరేనన్నాడు. ఇంక రెండురోజులుంది, బుధవారం పొద్దున అన్నాడు. ఆ కబురు తెలిసినప్పుడు లింగస్వామి ఖాదర్ చేతులు రెండూ పట్టుకున్నాడు. పదేళ్ల మచ్చ ఒక్క పొద్దుటిపూట పోతుంది. తను ఒక్కమాట కూడా చెప్పుకోనక్కరలేదు, ట్రాక్టరే తాగి చూపిస్తుంది.

ఆ రెండురోజుల్లో ఒకనాడు ఖాదర్ పాత ట్రాక్టరును పటేలు వాకిట్లోంచి చెలక గట్టుకు తెచ్చిపెట్టి, లేపమని చూస్తూ నిలబడ్డాడు. లింగస్వామి అలవాటు చొప్పున ఇట్లా లేవగానే అట్లా నల్లా తిప్పాడు. ఖాదర్ నోట్లో బీడీ తీసి పారేశాడు.

"రోజు గిట్లనే తిప్పుతవా?"

"పదేండ్ల సంది. పెట్రోలు వేస్టు గావొద్దని పటేలు హుకుం."

"అయ్యో లింగన్నా. కడుపు కాగకముందు గాసునూనె ఇస్తే అది కాలదు. సగం పొగల పోతది. సగం ఇంజన్ల కిందికి దిగి చిక్కనూనెల కలుస్తది. చిటికెడు పెట్రోలు మిగిలిస్తివి, కుండెడు గాసునూనె పారబోస్తివి."

లింగస్వామి సీటు మీద అట్లాగే కూర్చుండిపోయాడు. చిక్కటి నూనె ఎందుకు పెరిగేదో ఇప్పుడు తెలిసింది. అది పెరిగిన నూనె కాదు, దిగిన గాసునూనె. తను దొంగ కాదు, నిజమే. కానీ తను ప్రాణం పెట్టి చేసిన పొదుపే ఆ నూనెను తాగింది. ఎంత పొదుపు చేస్తే అంత పోయింది. ఇది ఎవరితో చెప్పుకోవాలి? పటేలు హుకుం వల్లనే అయిందని పటేలుతోనా? దొంగతనం ఒప్పుకోవడమే దీనికన్నా సులువనిపించింది.

మంగళవారం పొద్దు వాలే వేళకు ట్రాక్టరు దగ్గరికి పోయి పుల్ల ముంచి చూశాడు. వేళ్లకు అంటిన నూనె నీళ్లలాగా జారింది. ఇంజను లోపల కొంతకాలంగా టకటక చప్పుడు ఉంది, ఈమధ్య పెరిగింది. ఈ పలచటి నూనెతో పొద్దంతా బరువు లాగితే లోపలి ఇనుము ఇనుముకు రాసుకొని మధ్యలోనే ఆగిపోతుందన్న భయం పట్టుకుంది. మధ్యలో ఆగితే సాక్ష్యం పోయినట్టే. కొత్త నూనె కావాలి. అది కొట్లో ఉంది. కొట్టు తాళంచెవి పటేలు దగ్గర ఉంది. నూనె దొంగ అనిపించుకున్నవాడు, రేపు పొద్దున తేల్చుకోవాల్సినవాడు, ఇంకింత నూనె ఇయ్యి పటేలా అని ఏ ముఖంతో అడుగుతాడు? ఖాదర్‌ను అడుగుదామంటే అతను డీజిలు తేవడానికి దేవరకొండ పోయాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. లింగస్వామికి రెండు మనసులున్నాయి. ఎంత తాగుతావో తాగు, రేపు నన్ను బతికించు, అని ఒక మనసు ట్రాక్టరుతో అంటోంది. పదిమందిలో నా పరువు తియ్యకు, ఆ కొత్తదాని పక్కన ఈడిగిలపడకు, అని ఇంకో మనసు. తను తోలిన ఎద్దు పందెంలో కూలబడితే చూడలేని మనిషి అతను.

బండి ఇరుసు ఎండి కిర్రుమంటే ఆ ఊళ్లో ఏం చేస్తారు? ఆముదంలో మసి కలిపి రాస్తారు. ఆముదం చిక్కన, జిగట, బరువు మోస్తుంది. తాతల నాటి నుంచి ఇరుసులు దాని మీదే తిరిగాయి. ఇంజనులో తిరిగేది కూడా ఇరుసే గదా అనుకున్నాడు లింగస్వామి. ఇంటికి పోయి సోమమ్మను అడిగాడు. ఆమె దీపం నూనె కడవ తెచ్చి చేతికిచ్చింది. ఆ యేడు దంచిన ఆముదమంతా అందులోనే ఉంది.

"అంత పొయ్యి. ఇయ్యాల దీపం లేకుంటేంది. రేపటి సంది మన ఇంట్ల కందీలే పెట్టుకుందం," అంది. ఆమె ముఖంలో చాలా ఏళ్ల తర్వాత నవ్వు కనిపించింది.

లింగస్వామి పలచటి నూనె చాలావరకు కిందికి వంపి, కడవెడు ఆముదం ఇంజనులో పోశాడు. హాండిల్ వేసి తిప్పి చూశాడు. టకటక చప్పుడు తగ్గింది. ఎంత తృప్తిపడ్డాడో చెప్పలేం. ట్రాక్టరు మూతి మీద చెయ్యి వేసి, ఎద్దును నిమిరినట్టు నిమిరాడు.

బుధవారం ఊరు ఊరంతా గట్ల మీద ఉంది. సోమమ్మ కూడా వచ్చి ఆడవాళ్ల వెనక నిలబడింది. పటేలు తన చేత్తో డబ్బాలు వంచి, ఒకదాంట్లో డీజిలు, ఒకదాంట్లో గాసునూనె పోయించాడు. రెండూ కదిలాయి. ఈసారి లింగస్వామి ఇంజను బాగా కాగేదాకా నల్లా తిప్పలేదు. మొదటి సాలు, రెండో సాలు బాగానే పోయాయి. అంతలో పొగ వాసన మారింది. గాసునూనె కంపు కాదు, దీపం ఒత్తి ఆరిపోయినప్పుడు ఇంట్లో వచ్చే వాసన. గట్టు మీద ఆడవాళ్లు ముక్కులెగరేశారు. "ఆముదం మాడుతాందేందే," అని ఎవరో అన్నారు. సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరికొన్ని సాళ్లు పోయేసరికి టకటక మళ్లీ మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత సుత్తితో కొట్టినట్టు. లింగస్వామి ఆపాలా, పోవాలా తేల్చుకోలేకపోయాడు. ఆపితే ఓడినట్టు. చెలక సగం కూడా కాలేదు. ఇంకొక్క సాలు, ఇంకొక్క సాలు అనుకుంటూ తోలాడు. ఇంజను ఒక్కసారి గట్టిగా మూలిగి, బిగుసుకొని ఆగిపోయింది. హాండిల్ వేసి తిప్పబోతే కదల్లేదు. ఇద్దరు కలిసి తిప్పినా కదల్లేదు. పక్క చెలకలో ఖాదర్ తన బండి ఆపి పరుగెత్తుకొచ్చాడు.

కింది మూత విప్పితే ముందు నల్లటి మడ్డి ముద్దలు ముద్దలుగా పడింది, దాని వెనక ఆముదం. ఖాదర్ చేతిలోకి తీసుకొని వాసన చూశాడు. పాత మడ్డినంతా ఆముదం లేపిందని, అది పోయి నూనె పీల్చే జాలికి అడ్డం పడిందని, పైకి నూనె అందక లోపల ఇరుసు పట్టేసిందని అతనికి ఒక్క చూపులో తెలిసింది. తల ఎత్తి లింగస్వామి ముఖంలోకి చూశాడు. అడిగింది పటేలు.

"ఇంజన్లకు ఆముదం ఎట్ల వచ్చింది?"

"నేనే పోసిన పటేలా. నూనె పలచనయిందని. కొట్టు తాళం మీ తానుండె..."

"ఇంజన్ నూనె ఏమాయె మరి?" పటేలు జనం వైపు తిరిగాడు. "చూసిండ్రా? గాసునూనె సాలక ఇంజన్ నూనె గూడ అమ్ముకొని, దాని జాగల ఆముదం పోసిండు."

ఖాదర్ ఆఖరిసారి గట్టిగా అన్నాడు. "పటేల్ సాబ్, జర టాంకీ చూడుండ్రి. సగం చెలక గూడ కాకముందే డబ్బ అడుగుకొచ్చింది. లింగన్న అబద్ధం చెప్పలే."

"చెడగొట్టిన ఇంజన్ ఎంత తాగితే ఏంది? అది సాక్ష్యమా?" అన్నాడు పటేలు. ఖాదర్ చేతులు తుడుచుకొని తన బండి వైపు పోయాడు. పోతూ పోతూ లింగస్వామికి మాత్రమే వినబడేట్టు, "నాకు గూడ పిల్లలున్నరు, లింగన్నా," అన్నాడు. లింగస్వామి తల ఊపాడు. అతని మీద కోపం రాలేదు.

పటేలు పోలీసులకు చెప్పలేదు. దండుగ వేయలేదు. "పోనీయుండ్రి, పాపం, జీతగాని కొడుకు. మాఫ్ చేసిన," అన్నాడు. జనం ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. కొట్టించినా లింగస్వామికి ఇంత దెబ్బ తగిలేది కాదు. చేయని తప్పుకు శిక్ష పడితే, ఎప్పటికైనా తప్పు చేయలేదని అరవొచ్చు. క్షమించాక అరవడానికి నోరెక్కడిది?

అతను ఇంటికొచ్చి గోడకానుకొని కూర్చున్నాడు. పొద్దు కుంకింది. ఇల్లు చీకటైంది. ప్రమిదలో ఒత్తి ఎండిపోయి ఉంది, కడవ ఖాళీగా మూలకు బోర్లించి ఉంది. సోమమ్మ సీసా తీసుకొని బయటికి పోయింది. తిరిగొచ్చి, అటుక మీద నుంచి కందీలు దించింది. చుట్టిన గుడ్డ విప్పింది. జానమ్మ దుకాణంలో కొన్న గాసునూనె పోసి, చిమ్నీ తుడిచి, ముట్టించి, ఇంటి నడుమ పెట్టింది.

పదేళ్లుగా ఆ ఇంట్లోకి రాని వెలుగు వచ్చింది. గోడకు గూడు చుట్టూ పట్టిన మసి, కారిన కప్పు, సోమమ్మ చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, అన్నీ కనిపించాయి. ఆమె అంత ముసలిదైందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"ఆర్పు," అన్నాడు. "ఎవలన్న చూస్తరు."

"చూడనీ," అంది సోమమ్మ. "ఇంక ఎవలకోసం ఆర్పాలె?"

బాటన ఎవరో ఆగిన చప్పుడైంది. లోపలి వెలుగు చూసి, ఒక్క దగ్గు దగ్గి, సాగిపోయారు. సోమమ్మ కంచంలో జొన్న గటక పెట్టి అతని ముందుంచింది. లింగస్వామి గుమ్మానికి వీపు తిప్పి, కంచం ఒళ్లోకి లాక్కొని, తల వంచుకొని గబగబా తిన్నాడు. నిజంగా ఆ నూనె ఎత్తుకపోయినవాడు ఎవడైనా ఉంటే, వాడు కూడా అంత భయంగా తిని ఉండడు.